విప్పితే కూలీ, మరి వెతికితే?

మొన్న మే నెలలో ఓ పది రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకుని ఉప్మాక వెళ్ళాను. అమ్మమ్మగారి ఊరు. పేరు చెప్పగానే మా టీంలో టిఫిన్ జోకులు మొదలవుతాయి. ఇప్పటికి ఓ వంద విని ఉంటాను, కొత్తది ఉంటేనే చెప్పండి. నక్కపల్లి పక్కన, కొండ మీద వెంకన్న ఉన్న ఊరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పటి నుంచీ అనకాపల్లి జిల్లా. మావయ్య మాత్రం ఇప్పటికీ "మాది విశాఖపట్నం జిల్లా" అనే అంటాడు. ఆయన బండి నంబరు ప్లేటు కూడా ఏపీ 31 అనే అంటుంది.

ఈ టపా ఆ బండి గురించే.

అదొక డీజిల్ పికప్. 2018 మోడల్. మూడేళ్ళ క్రితం సెకండ్ హ్యాండ్‌లో ఫైనాన్స్ మీద కొన్నాడు. కొబ్బరికాయలు, మామిడికాయలు, సీజన్లో జీడిపిక్కలు, కల్యాణాలప్పుడు షామియానా సామాను, ఏది దొరికితే అది వేస్తాడు. నెలకి సుమారు మూడు వేల కిలోమీటర్లు తిరుగుతుంది. కిస్తీ 11,200. కంపెనీ పేరు చెప్పను, తప్పు కంపెనీది కాదు కాబట్టి.

నేను వెళ్ళిన రోజు సాయంత్రం మావయ్య అరుగు మీద కూర్చుని బండి అమ్మేస్తానంటున్నాడు. "ఇంజినే పోనాదిరా. మైలేజీ లేదు, లోడెక్కిస్తే లాగట్లేదు, అనకాపల్లి వెళ్ళేలోపు సూది పైకి లేచిపోతంది." నాలుగు నెలల్లో మూడు షెడ్లు తిరిగాడట. రేడియేటర్ కడిగించాడు. ఇంజెక్టర్లు విప్పి సర్వీస్ చేయించాడు. ఫ్యాన్ బెల్టు మార్పించాడు. థర్మోస్టాట్ తీయించేశాడు. బిల్లులన్నీ కలిపితే 23 వేల పైచిలుకు. ఆఖరి షెడ్డులో "హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్డు దింపాలి, 35 వేలు అవుతుంది" అన్నారు. అంత పెట్టేకంటే వచ్చినకాడికి అమ్మేసి, మళ్ళీ కిరాయికి డ్రైవర్‌గా వెళ్ళిపోవడం నయం అని ఆయన లెక్క. యాభై రెండేళ్ళ మనిషి, ఇరవై ఏళ్ళు వేరేవాళ్ళ బండ్లు తోలి సొంతంగా కొనుక్కున్న మొదటి బండి. అత్త లోపల్నుంచి ఏమీ మాట్లాడలేదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది.

నేను బీటెక్ మెకానికల్. అంటే మీలో సగంమందిలాగే మెకానికల్ చదివి జావా రాసుకుంటున్న బాపతు. థర్మల్ ఇంజినీరింగ్‌లో 74 మార్కులు వచ్చాయి గానీ బానెట్ తెరిచి చూపిస్తే ఏది ఏ పైపో చెప్పలేను. కాబట్టి నాకు తెలిసిన పని చేశాను. లాగ్స్ అడిగాను.

"లాగులేటిరా?" అన్నాడు.

మావయ్య ఏమీ రాసిపెట్టడు. కానీ ఈ రోజుల్లో మనం రాయకపోయినా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు కదా. డీజిల్ కొట్టించిన ప్రతిసారీ ఫోన్‌పే చేశాడు. హైవే ఎక్కిన ప్రతిసారీ ఫాస్టాగ్ మెసేజ్ వచ్చింది. షెడ్ల బిల్లుల మీద మీటర్ రీడింగ్ ఉంది. రాత్రి కూర్చుని ఈ మూడూ ఒక షీట్‌లో ఎక్కించాను. లీటర్లు ఉజ్జాయింపే అనుకోండి, అయినా బొమ్మ స్పష్టంగా కనిపించింది. నవంబరు దాకా లీటరుకి పన్నెండున్నర దగ్గర వచ్చేది. డిసెంబరులో రెండు వారాల తేడాలో తొమ్మిది దగ్గరికి పడిపోయింది. మెల్లగా జారలేదు, మెట్టు దిగినట్టు దిగింది.

ఈ ఒక్క గీత చాలా సంగతులు చెప్పింది. "ఎండలకి వేడెక్కుతోందిలే" అని ఒక షెడ్డులో అన్నారు. డిసెంబరులో ఎండలేమిటి? "ఇంజిన్ అరిగిపోయింది" అని ఇంకోచోట. ఇంజిన్ రెండు వారాల్లో అరగదు కదా. ఏదో ఒకటి చిరిగిందో, ఇరుక్కుందో, ఊడిందో అయ్యుండాలి. ఇంకో మాట కూడా ఉంది. ఫిబ్రవరిలో థర్మోస్టాట్ తీశాక వేడి తగ్గలేదు, పెరిగింది. అది మావయ్యకీ గుర్తుంది. కానీ "తీస్తే చల్లబడాలి కదా" అని నమ్మి ఊరుకున్నాడు.

డబ్బు లెక్క కూడా వేసి చూపించాను. మూడు వేల కిలోమీటర్లకి పన్నెండున్నర చొప్పున 240 లీటర్లు. తొమ్మిదికి కాస్త తక్కువ చొప్పున 337. తేడా 97 లీటర్లు. లీటరు వంద అనుకుంటే 9,700 రూపాయలు. అంటే ఆయన డిసెంబరు నుంచీ నెలకి రెండు కిస్తీలు కడుతున్నాడు, రెండోది బంకులో. ఆ మాట విన్నాక మావయ్య చాలాసేపు బీడీ వెలిగించలేదు.

ఇక్కడ కాస్త చదువుకున్న సంగతి చెప్పనివ్వండి, ఈ మాత్రానికైనా పనికిరాకపోతే ఆ 74 మార్కులెందుకు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజిన్‌కి పరీక్ష పెట్టించినప్పుడు, పోసిన నూనెలో ఉన్న శక్తిలో సుమారు 26 శాతం పనిగా మారిందని కొలిచి తేల్చారు. ఆ రోజుల్లో ఆవిరి ఇంజిన్ల ముందు అది పెద్ద అద్భుతం. ఇప్పటి చిన్న డీజిల్ ఇంజిన్లు బాగా పనిచేసే దగ్గర 40 శాతం వరకూ వెళ్తాయి. మిగతాదంతా వేడే. కొంత సైలెన్సర్లోంచి పోతుంది, కొంత నీళ్ళలోకి వెళ్ళి రేడియేటర్లోంచి పోతుంది. కాబట్టి మైలేజీ పడిపోవడం, వేడెక్కడం అన్నవి రెండు రోగాలని ముందే అనుకోకూడదు. ఎక్కువ డీజిల్ కాలి అదే పని జరుగుతోందంటే ఆ తేడా అంతా వేడిగానే కదా వెళ్ళాలి. అన్ని షెడ్లలోనూ మైలేజీకి ఒక మందు, వేడికి ఒక మందు వేశారు. రెండు టికెట్లూ ఒకే బగ్‌వేమో అని ఎవరూ చూడలేదు.

మర్నాడు ముందు హెడ్ గ్యాస్కెట్ సంగతి తేల్చాలనుకున్నాం, 35 వేల మాట కాబట్టి. అది తేల్చడానికి హెడ్డు విప్పక్కర్లేదు. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే, గ్యాస్కెట్ పోయిన బండిలో సాధారణంగా బుడగలు ఆగకుండా వస్తాయి. ఆయిల్‌లో నీళ్ళు కలిస్తే మూత కింద పాలటీ రంగు నురగ ఉంటుంది. కూలెంట్ రోజూ తగ్గిపోతుంది. (వేడి మీద ఉన్నప్పుడు మాత్రం మూత ముట్టుకోకండి, మొహం కాలుతుంది.) మాకు బుడగల్లేవు, నురగ లేదు. రిజర్వాయర్ డబ్బా మీద స్కెచ్ పెన్‌తో గీత గీసి మూడు రోజులు చూశాం. గీత గీతలాగే ఉంది. 35 వేలు మిగిలినట్టే అనిపించింది.

రెండోది, ఎప్పుడు వేడెక్కుతోంది? ఈ ప్రశ్న ఏ షెడ్డులోనూ అడగలేదట. నక్కపల్లి సెంటర్లో ట్రాఫిక్‌లో ఆగితే వేడెక్కదు. ఖాళీగా వెళ్తే వేడెక్కదు. లోడుతో హైవే మీద అరవై దాటితే పావుగంటలో సూది లేస్తుంది. నిలబడినప్పుడు వేడెక్కితే ఫ్యాన్ వైపు చూడాలి. పరుగులో, బరువు మీద మాత్రమే వేడెక్కితే గాలి బాగానే తగులుతోంది కాబట్టి, వేడి ఎక్కువ పుడుతోందా, నీళ్ళు సరిగా తిరగట్లేదా అని చూడాలి.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇక్కడే నా తెలివి మొదలైంది. రాత్రంతా నెట్‌లో చదివి ఈజీఆర్ వాల్వ్ అని తేల్చేశాను. మసి పట్టి తెరుచుకునే ఉండిపోతే గాలి తగ్గుతుంది, పొగ వస్తుంది, వేడెక్కుతుంది, అన్నీ సరిపోయాయి. మావయ్యని కూర్చోబెట్టి లెక్చర్ ఇచ్చి, సగం రోజు పెట్టి విప్పించి కడిగించాను. మసి ఉంది, నిజమే. ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ కొలిస్తే 8.9 నుంచి 9.0 అయింది. ఆరువందలు, ఒక కిరాయి పోయాయి. మావయ్య ఏమీ అనలేదు గానీ అత్త మాత్రం "ఈడు కూడా షెడ్డోడైపోనాడు" అంది. కరెక్టే. నేను చేసింది ఆ షెడ్ల వాళ్ళు చేసిందే, కాకపోతే ఇంగ్లీషులో చదివి చేశాను. అన్ని లక్షణాలకీ సరిపోతోంది కదా అని విప్పేశాను గానీ, విప్పకముందు ఆ అనుమానాన్ని పరీక్షించే దారి వెతకలేదు.

అప్పుడు ఫిబ్రవరిలో థర్మోస్టాట్ తీసిన మెకానిక్ దగ్గరికే మళ్ళీ వెళ్ళాం. హైవే పక్కన రేకుల షెడ్డు. నలభై ఏళ్ళుంటాయి, చేతిలో పని ఉన్న మనిషి అని చూడగానే తెలుస్తుంది. గొడవ పెట్టుకోవడానికి వచ్చామనుకుని ముందే మొహం మాడ్చుకున్నాడు. "అన్నయ్యా, బండిని విప్పొద్దు. లోడు వేసుకొస్తాం, మాతో పాటు ఒక గంట కూర్చుని రండి చాలు. గంటకి ఐదొందలిస్తాం" అన్నాను.

ఆయన నన్ను తేడాగా చూశాడు. "ఏ పార్టూ మార్చకుండా డబ్బులేటి బాబూ?"

ఈ టపా రాస్తున్నది అసలు ఆ ప్రశ్న కోసమే.

కొబ్బరికాయల లోడుతో హైవే ఎక్కాం. మూడో కిలోమీటరులో, మావయ్య గేరు మార్చి గట్టిగా తొక్కగానే, ఆయన తల బయటికి పెట్టి "ఆపండి" అన్నాడు. నాకు ఏమీ వినపడలేదు. ఆయనకి ఈల వినిపించింది. దిగి బండి కిందికి దూరి, ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌కి గాలి వెళ్ళే రబ్బరు హోస్ కింద వైపు చెయ్యి పెట్టి బయటికి తీస్తే చేతికి నల్లటి ఆయిల్ జిడ్డు. బొటనవేలంత చీలిక. పైనుంచి చూస్తే కనపడదు. ఇంజిన్ ఐడిల్‌లో ఉంటే మూసుకునే ఉంటుంది. టర్బో ఒత్తిడి పెరిగినప్పుడు మాత్రమే నోరు తెరుస్తుంది. అంటే బరువు మీద లాగేటప్పుడే. గాలి బయటికి పోతోంది, డీజిల్ మాత్రం పడుతోంది. లాగట్లేదని మావయ్య ఇంకా తొక్కుతాడు. నల్లపొగ, వేడి, ఖర్చు.

నాలుగు నెలల రోగం ఇరవై నిమిషాల్లో దొరికింది. దొరికించింది నా షీట్ కాదు, ఆయన చెవి. నా షీట్ ఏం చేసిందయ్యా అంటే, ఆ చెవిని సరైన చోట, సరైన టైంలో కూర్చోబెట్టింది, అంతే.

మరి అదే చెవి ఫిబ్రవరిలో ఎందుకు వినలేదు? బండి షెడ్డులో నిలబడి ఉంది కాబట్టి. అక్కడ ఎంత రేజ్ చేసినా బరువు లేని ఇంజిన్‌కి టర్బో ఒత్తిడి పెద్దగా రాదు, ఆ ఈల పుట్టదు. మన భాషలో చెప్పాలంటే "నా మెషీన్‌లో బాగానే ఉంది". ప్రొడక్షన్ లోడ్ లేకుండా టెస్ట్ చేసి క్లోజ్ చేసిన టికెట్లు మనం ఎన్ని చూడలేదు! ఆయన్ని అంటానికి నాకైతే నోరు రాలేదు.

థర్మోస్టాట్ ఎందుకు తీశారని అడిగితే ఆయన చెప్పిన జవాబు ఇంకా నచ్చింది. "మీ మావయ్య వేడెక్కకుండా సెయ్యమన్నాడు, రేపొద్దున్నే కిరాయుందన్నాడు. నేనేటి సెయ్యాలి?" రిక్వైర్‌మెంట్ అలా వచ్చింది, డెడ్‌లైన్ అలా ఉంది, వర్క్ ఎరౌండ్ వేశారు, అది అక్కడే ఉండిపోయింది. మన దగ్గర కొత్తా?

థర్మోస్టాట్ తీసేయడం మన వైపు చాలాచోట్ల ఉన్న అలవాటు కాబట్టి ఒక మాట. అది నీళ్ళకి అడ్డం కాదు, ద్వారపాలకుడు. ఇంజిన్ ఎనభై చిల్లర డిగ్రీలకి వచ్చేదాకా నీళ్ళని రేడియేటర్‌కి వెళ్ళనివ్వదు. తీసేస్తే ఖాళీ బండి, పొద్దుటి బండి చల్లగానే నడుస్తుంది, చల్లటి ఇంజిన్ డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదలా ఎక్కువే. పోనీ బరువు మీదైనా మేలు చేస్తుందా అంటే, చాలా ఇంజిన్లలో ఈ థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని మూస్తుంది. అది లేకపోతే కొంత నీరు రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగి ఇంజిన్లోకి వెళ్ళిపోతుంది. ఫిబ్రవరి తరవాత వేడి ఎందుకు పెరిగిందో నాకు అప్పుడు అర్థమైంది.

దానికి తోడు నీళ్ళు. కూలెంట్ ఖరీదని బోరు నీళ్ళు పోస్తూ వచ్చాడు మావయ్య. మాది సముద్రానికి దగ్గర ఊరు, కొన్ని బోర్లలో నీళ్ళు నోట్లో పెట్టుకోలేం. కాఫీ గిన్నె అడుగున పట్టే తెల్ల పొర రేడియేటర్ గొట్టాల్లోనూ పడుతుంది. పైగా రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడిపోయింది. ఆ మూత మూసి ఉంచడానికి మాత్రమే కాదు, ఒత్తిడి నిలపడానికి. సుమారు 0.9 బార్ ఒత్తిడి నిలిస్తే మామూలు నీళ్ళు కూడా 118 డిగ్రీల దగ్గర గానీ మరగవు. నిలవకపోతే వందకే మరుగుతాయి. రెండువందల యాభై రూపాయల మూత. (అన్నట్టు, వేడి కొలవడానికి ముందు కోవిడ్ టైంలో కొన్న నుదుటి థర్మామీటర్ పట్టుకెళ్ళాను. అది 43 డిగ్రీలు దాటితే చేతులెత్తేస్తుంది. మావయ్య ముందు పరువు పోయింది.)

ఒక్కోటీ విడివిడిగా మార్చాం, ప్రతిసారీ ఫుల్ ట్యాంక్ కొలిచాం. హోస్, క్లిప్పులు మార్చాక 11.4. సూది సగం దాటడం మానేసింది, అనకాపల్లి దగ్గర్లో మాత్రం కొంచెం కదిలేది. థర్మోస్టాట్ మళ్ళీ పెట్టి, సిస్టం కడిగి, మూత మార్చి, కూలెంట్ పోశాక 12.1. సూది కదలడం లేదు. అప్పుడు కూడా పన్నెండున్నర రాలేదు. టైర్లు అరిగాయి, అది వేరే సంగతి. మొత్తం ఖర్చు, మెకానిక్ ఐదొందలతో కలిపి 5,470. నా ఈజీఆర్ ఆరువందలు ఇందులో కలపలేదు, సిగ్గేసి.

ఇప్పుడు నా అభిప్రాయం. మీలో కొందరికి నచ్చకపోవచ్చు.

"మన మెకానిక్‌లకి చదువు లేదు, అందుకే ఇలా" అని మా ఆఫీసులో ఈ కథ చెప్పగానే ఇద్దరన్నారు. చదువున్న నేను ఈజీఆర్ విప్పాను కదండీ! లోపం చదువుది కాదు, బిల్లుది. షెడ్డులో మనం దేనికి డబ్బులిస్తాం? పార్టుకి ఇస్తాం, విప్పి బిగించినందుకు ఇస్తాం. గంట సేపు చూసి, అడిగి, ఆలోచించి "ఇది కాదు" అని చెబితే రూపాయి ఇవ్వం. "చూడ్డానికి కూడా డబ్బులా" అంటాం. మరి ఆ మనిషి ఎందుకు వెతుకుతాడు? ఏదో ఒకటి విప్పితేనే ఆ రోజు ఆయన ఇంట్లో అన్నం. మావయ్య ఖర్చు పెట్టిన 23 వేలలో వెతికినందుకు ఇచ్చింది సున్నా. ఐదొందలు మిగుల్చుకుని ఇరవై మూడు వేలు కట్టాడు.

మనకేమో వెతకడానికే జీతాలిస్తున్నారు. రెండు రోజులు లాగ్స్ చూసి చివరికి ఒక లైను మారిస్తే "రూట్ కాజ్ అనాలిసిస్" అని టైంషీట్‌లో పదహారు గంటలు రాసుకుంటాం, ఎవరూ "ఒక్క లైనుకి ఇంతా" అనరు. అదే మనం కారు తీసుకెళ్ళి మెకానిక్ ఇరవై నిమిషాల్లో రోగం పట్టేస్తే "ఇరవై నిమిషాలకి అంతా?" అని బేరమాడతాం. నేనూ ఆడాను, హైదరాబాద్‌లో, పోయినేడాది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. వెతకాలంటే పనిముట్లు కావాలి. ఈ బండి పాతది కాబట్టి చెవితో పని జరిగింది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్ 6 డీజిల్ బండ్లలో సెన్సర్లు, పొగ శుద్ధి చేసే ఫిల్టర్లు ఇంకా పెరిగాయి. వాటి ఎర్రర్ కోడ్లు పూర్తిగా చదవాలంటే స్కానర్, సర్వీస్ మాన్యువల్ ఉండాలి. రోడ్డు పక్క షెడ్డుకి అవి ఎక్కణ్ణుంచి వస్తాయి? అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే బయటి మెకానిక్‌లకి ఆ సమాచారం అమ్మాలని చట్టం చేసింది. మన కేంద్ర ప్రభుత్వం 2022లో రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసి, వాహనాలని కూడా ఆ జాబితాలో చేర్చి, అదే ఏడాది ఒక పోర్టల్ తెరిచింది. పోర్టల్ తెరవడం వేరు, నక్కపల్లి షెడ్డులో వైరింగ్ డయాగ్రమ్ తెరుచుకోవడం వేరు. కోడ్ రాసేవాళ్ళం మనం, డాక్యుమెంటేషన్ లేని సిస్టంని డీబగ్ చెయ్యమంటే ఎంత తిట్టుకుంటామో మనకి తెలుసు కదా.

హైదరాబాద్ వచ్చేముందు మావయ్యకి ఒక నోట్‌బుక్ కొనిచ్చాను. తేదీ, రీడింగ్, లీటర్లు, లోడు, నాలుగు గడులు. రాస్తాడని నాకు పెద్ద నమ్మకం లేదు. పోయిన వారం వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. ఐదు పేజీలు నిండాయి. కడపటి లైను పక్కన వేరే రంగు పెన్నుతో అత్త చేతిరాతలో "బంకు వాడు తక్కువ కొట్టాడేమో, వేరే బంకులో చూడాలి" అని ఉంది.